నోస్కే ఇచ్చిన పిండి

సెప్టెంబరు 22, 1873. సోమవారం

పాస్టరుగారి భార్య ఈ నోటుపుస్తకం ఇచ్చి ఆరు నెలలైంది. మన ఆత్మ ఏ రోజు ఎలా ఉందో ఇందులో రాసుకోవాలట. నా ఆత్మకేం, బాగానే ఉంది. బాగాలేనిది మా కొట్టే. కుంకుమపువ్వు ఇంకా రాలేదు.

ఓడ పోర్టుకు వచ్చిందని ఒకడు, రాలేదని ఒకడు, వచ్చి వెనక్కి పోయిందని ఒకడు, బండివాళ్లు తలో మాటా చెబుతున్నారు. చాపెల్ పిల్లలకి ఊరేగింపు చేసి బన్నులు పంచే టీ పండగ ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఈ పొద్దున్నే తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చి అడిగిపోయారు. లవ్‌డే ట్రెగీర్ అయితే రెండుసార్లు వచ్చింది. పండగ పెత్తనం ఆవిడదే కదా.

"ఏమే టామ్సిన్, ఈసారి మా చేత తెల్ల బన్నులు చేయిస్తావా ఏంటి?" అంది.

"వస్తుంది లేవే. ఓడ నేను నడపటం లేదుగా" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. కార్న్‌వాల్ వదిలి ఈ అడిలైడ్ వైపు గని ఊరికి వచ్చి ఇరవై ఏళ్లయినా టీ పండగ బన్ను పళ్లెమంత ఉండాలి, పసుప్పచ్చగా మెరవాలి. మూడేళ్ల కింద జోవాన్ పెంగెల్లీ రంగులేని బన్నులు చేసింది. అప్పటినుంచి ఆమె తెల్ల జోవాన్. ఆమె మొగుడు గనిలో రాయి పడి పోయినప్పుడు కూడా "పాపం, తెల్ల జోవాన్ మొగుడు" అనే ఏడ్చారు. ఈసారి ఊరంతటికీ తెల్ల బన్నులైతే ఆ పేరు నాకే వస్తుంది.

సెప్టెంబరు 25. గురువారం

పోర్టు నుంచి పెట్టె వచ్చింది. కుంకుమపువ్వు లేదు. పెట్టెలోకి ఉప్పునీళ్లు చేరి కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. డబ్బాల మీది చీటీలు ఊడిపోయాయి. పసుపు రంగు పొడి డబ్బాలు రెండున్నాయి. ఒకటి నేను తెప్పించిన కేకుల రంగు. రెండోది బోర్డులు రాసే ఎలీ బ్రే తెప్పించుకున్నది, పిల్లల ఊరేగింపు జెండాకి వేయడానికి.

ఏది ఎవరిదో తెలియలేదు. రెండూ పసుపే. ఒక డబ్బా మూతకి సొట్ట ఉంది. "సొట్టది ఎలీదే అయ్యుంటుంది, రంగులవాళ్ల సామాను ఎప్పుడూ సొట్టలే" అన్నాడు పాస్కో. మా ఆయనకి ఏదీ రెండు నిమిషాలకు మించి ఆలోచించే అలవాటు లేదు. నాకూ అదే నిజమనిపించింది.

సెప్టెంబరు 27. శనివారం

సీసా అడుగున మిగిలిన కుంకుమపువ్వంతా దులిపి రోట్లో నూరాను. సొట్ట లేని డబ్బాలోంచి రంగు తీసి దాంట్లో కలిపాను. ఇరవై పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లంలో విప్పగానే కంటికి కనిపించేలా పైన రెండు మూడు రేకులు పెట్టాను.

ఇది మోసం కాదు. వాళ్లకి కావలసింది రంగు. వాసన కూడా కొంచెం ఉంది. పొడి నాలుక మీద వేసుకుని చూద్దామనుకున్నాను, ఇంతలో గిరాకీ వచ్చింది.

సెప్టెంబరు 30. మంగళవారం

పొట్లాలన్నీ అయిపోయాయి. "దేవుడు నీకు ఓడ పంపించాడే" అంది లవ్‌డే. అవునన్నాను.

ఈ రోజే వాగవతల జర్మను పేటలో పిండిమర ఉన్న ఎర్డ్‌మన్ నోస్కే వచ్చాడు, చొక్కాకీ కనుబొమలకీ పిండితో. పండగ బన్నుల కోసం మూడు బస్తాల పిండి ఊరికే ఇచ్చాడట. వాళ్ల చాపెల్ వేరు, వాళ్ల భాష వేరు. ఈయన మనకెందుకిచ్చాడో అనుకుంటూనే ఉన్నాను, ఆయనే చెప్పాడు.

"మా పేటలో పిల్లలు ఏడుగురున్నారు అమ్మగారూ. ప్రతి ఏడూ మీ ఊరేగింపును కంచె అవతల నిలబడి చూస్తారు. ఈసారి వాళ్లనీ నడవనివ్వమని లవ్‌డేగారిని అడిగాను. సరే అన్నారు."

"జర్మనుల పాటలు పాడకుండా ఉంటేనే సుమండీ, మా బ్యాండు మేళానికి నిద్రొస్తుంది" అన్నాను. ఆయన గట్టిగా నవ్వాడు. మంచి మనిషి. పాస్కోకి మాత్రం కిట్టదు. ఊళ్లో సగం మంది మన కొట్లో పిండి కొనకుండా తిన్నగా మరకే పోతారు కదా, అదీ కోపం.

అక్టోబరు 3. శుక్రవారం

వరసగా రాస్తాను.

మధ్యాహ్నం లవ్‌డే వేడివేడి బన్ను తెచ్చిచ్చింది. మొదటి వాయిలో మొదటిది పిండి ఇచ్చినవాళ్లకి, రెండోది కుంకుమపువ్వు ఇచ్చినవాళ్లకి. అది మన ఆనవాయితీ. ఇరవై ఇళ్లలోనూ ఈ పూటకి బన్నులు కాల్చడం అయిపోయిందట. బన్ను ఎంత పసుపుగా ఉందంటే కంటికి కొట్టినట్టుంది. "ఇలాంటి రంగు మా అమ్మ కూడా తేలేదే" అని నా బుగ్గ గిల్లి పోయింది.

ఆమె అటు పోగానే ఎలీ బ్రే వచ్చాడు. సొట్ట డబ్బా వాడికి పొద్దునే ఇచ్చాను. దాన్ని ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"ఏంటమ్మా ఇది? జెండాకి పూస్తే నీళ్లలా జారిపోయింది. తియ్యటి వాసన. ఇది కేకుల్లో వేసేదే. నా డబ్బా ఏదీ?"

"రెండూ పసుపేగా ఎలీ."

"భలేదానివే. నాది రాజపసుపు. అందులో పాషాణం ఉంటుంది. దాన్ని కలిపిన చేత్తో నేను అన్నం కూడా తినను. ఎలకలు చస్తాయి దాంతో. ఏదీ, ఎక్కడ పెట్టావు?"

వెతుకుతాను రేపు రా అన్నాను. రేపు జెండా ఎగరాలి కదా అన్నాడు. వెతుకుతానన్నాగా అని అరిచాను. నా మొహం వంక వింతగా చూసి పోయాడు.

పొట్లానికి చిటికెడే వేశాను. చిటికెడు ఇరవై బన్నుల్లోకి, ముప్పై బన్నుల్లోకి పోతుంది. అంటే ఒక బన్నులో ఎంత? ఏమీ ఉండదు. పైగా ఎలీ మాట నమ్మకూడదు, వాడు తాగుతాడు. ఏమీ ఉండదు. చిటికెడే వేశాను. రెండు చిటికెలేమో. రంగు బాగా రావాలని.

సగం బన్ను నలిపి పెరట్లో కోళ్లకి వేశాను. ఎగబడి తిన్నాయి. హాయిగా తిరుగుతున్నాయి. చూశావా, ఏమీ లేదు. చిటికెడే.

అక్టోబరు 4. శనివారం. పొద్దున ఏడు

రెండు కోళ్లు చచ్చాయి. మూడోది మెడ వాల్చేసి పక్కకి నడుస్తోంది.

పదింటికి ఊరేగింపు. రెండు వందల పది మంది పిల్లలు.

అదే రోజు, సాయంత్రం

పరిగెత్తాను. చాపెల్ పక్క మైదానంలో బ్యాండువాళ్లు అప్పటికే బాకాలు ఊది చూసుకుంటున్నారు. బల్లల మీద బన్నులు పేర్చి తెల్లగుడ్డలు కప్పారు. లవ్‌డే నన్ను చూసి "ఏమైందే, ఎవరైనా పోయారా?" అంది.

చెబుదామనే వెళ్లాను. దేవుడి సాక్షిగా, చెబుదామనే. దారి పొడుగునా ఒకటే మాట అనుకుంటూ వెళ్లాను, రంగులో పొరపాటు జరిగింది, రంగులో పొరపాటు జరిగింది, అని.

"బన్నులు పెట్టకండి. నువ్విచ్చిన బన్ను మా కోళ్లకి వేస్తే చచ్చాయి. ఏదో ఉంది."

"ఏముంది? ఎందులో ఉంది?"

అందరూ చుట్టూ మూగారు. ఇరవై మంది ఆడవాళ్లూ ఉన్నారు. నా దగ్గర పొట్లాలు కొన్న ఇరవై మందీ. వాళ్ల వేళ్లకి ఇంకా పసుపు అంటుకునే ఉంది. నాకు అన్నిటికన్నా ఆ వేళ్లని చూస్తే భయమేసింది.

"పిండిలో" అన్నాను.

అంతే అన్నాను. మిగతాదంతా వాళ్లే అన్నారు. మరలో ఎలకల మందు పెడతాడు కదా, నేను చూశాను. ఊరికే ఎందుకిచ్చాడనుకున్నాం, ఇదన్నమాట. ఎలకల మందు కలిసిన బస్తాలు మన మొహాన కొట్టాడు. నేను తల మాత్రం ఊపాను.

మగవాళ్లు బన్నులన్నీ తోపుడు బండ్ల మీద వేసుకుపోయి పాత గని గుంటలో పారేశారు. పిల్లలు గోలగోలగా ఏడ్చారు. ఎందుకు ఆపాలో తెలియక బ్యాండువాడొకడు బాకా ఊదుతూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడు నోస్కే వచ్చాడు, ఏడుగురు పిల్లలతో. తెల్లగౌన్లు, జడలకి నీలం రిబ్బన్లు. అందరూ ఎందుకలా చూస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు. టోపీ తీసి అందరికీ దండం పెట్టాడు.

లవ్‌డే వెళ్లి ఆయన మొహం మీద ఉమ్మింది. ఆవిడకి నలుగురు పిల్లలు.

అక్టోబరు 5. ఆదివారం

పాస్టరుగారు ప్రార్థనలో నా పేరెత్తి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. మన ఊరి పిల్లల్ని కాయడానికి ఒక స్త్రీ కళ్లు తెరిచావు తండ్రీ, అన్నారు. ఆమెన్ అని చాపెల్ అదిరేలా అన్నారు. నేనూ అన్నాను.

చాపెల్ నుంచి వస్తూ రాజపసుపు డబ్బా గుంటలో విసిరేశాను. చాలాసేపటికి గానీ చప్పుడు వినిపించలేదు.

అక్టోబరు 6. సోమవారం

పాస్కోకి చెప్పేశాను. గుమ్మంలో నిలబడి విన్నాడు. తలుపు వేసి గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఇంకెప్పుడూ చెప్పకు. పిల్లలు బతికారా లేదా?"

"బతికారు."

"కోళ్లు చచ్చింది అబద్ధమా?"

"కాదు."

"మరి నువ్వాడిన అబద్ధమేముందే? పిండిలో అన్నావు. బన్నులో పిండి లేదా? ఉంది." మా ఆయన నా భుజం తట్టాడు. "ఏడవకు టామ్సీ. ఆ జర్మనుడికేం, నెలపోతే అందరూ మరిచిపోతారు."

నాకూ అలాగే అనిపిస్తోంది. నెలకి అందరూ మరిచిపోతారు.

అక్టోబరు 9. గురువారం

కొట్లో ఊపిరి సలపటం లేదు. అడిలైడ్ పిండి బస్తా దించీ దించగానే అయిపోతోంది. పాస్కో ఈల వేస్తూ తూస్తున్నాడు. కొట్టు గుమ్మంలోంచి చూస్తే వాగవతల మర పొగగొట్టం కనిపిస్తుంది. పొగ లేదు.

అక్టోబరు 11. శనివారం

పొగ లేదు.

అక్టోబరు 14. మంగళవారం

నోస్కే భార్య ఓటిలీ ఉప్పు కోసం వచ్చింది. కొట్లో ఉన్న ఆడవాళ్లు మాటలు ఆపేసి గోడ పక్కకి జరిగారు, ఆమె గౌను అంచు తగులుతుందేమోనని. ఉప్పు ఎక్కువే తూచి ఇచ్చాను. జున్నుముక్క కూడా పొట్లం కట్టిచ్చాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిల్లల్ని బళ్లోంచి పంపేశారు. మా గడప మీద చచ్చిన ఎలకలు వేసిపోతున్నారమ్మా. ఒకసారి ఆరు. మా ఆయన వాటిని చూసి ఏమన్నారో తెలుసా? ఇవి మా మర ఎలకలు కావు, మావి లావుగా ఉంటాయి, అన్నారు." నవ్వబోయి ఏడ్చింది. "ఈ ఊళ్లో మాతో మనిషిలా మాట్లాడేది మీరొక్కరే."

ఆమె చేతిలో చెయ్యి పెట్టి నిలబడ్డాను. అక్కడే చెప్పేద్దామనిపించింది. గోడ పక్కన నలుగురు ఆడవాళ్లున్నారు. రేపు చెబుతాను, ఒంటరిగా ఉన్నప్పుడు.

అక్టోబరు 15

చెప్పలేదు. వాళ్లింటికి మాంసం పులుసు పంపించాను.

అక్టోబరు 18. శనివారం

ఎలీ బ్రే వచ్చి పొగాకు కొన్నాడు. కొన్నాక పోడే. జనమంతా పోయేదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"జెండాకి పసుపు లేకుండానే వేసేశానమ్మా. మొక్కజొన్న కంకులకి ఎరుపు పూశాను. ఎవరూ ఏమీ అనలేదు."

"ఊఁ."

"ఆ డబ్బా ఎక్కడుందని నేనిక అడగను."

"సరే ఎలీ."

"నేనూ ఈ ఊళ్లోనే బతకాలి కదా" అన్నాడు. నన్ను బెదిరించడానికి అనలేదు. వాడికీ భయంగానే ఉంది. రంగు తెప్పించింది వాడు కదా. నాకు తోడు ఒకడున్నాడని ధైర్యం రావాలి. రాలేదు. ఇప్పుడు ముగ్గురికి తెలుసు.

అక్టోబరు 20. సోమవారం

కోతలు వచ్చే నెలలో మొదలు. చుట్టుపక్కల రైతులంతా గోధుమలు ఈ ఏడు అవతలి ఊరి మరకి తోలతారట. అదే జరిగితే నోస్కే మర అమ్ముకుని పోవాల్సిందేనని పాస్కో చెప్పాడు. ఎక్కడికి పోతారు అని అడిగాను. "ఎక్కడికైనా. వాళ్లు ఇక్కడే పుట్టారా ఏంటి?" అన్నాడు. మనం పుట్టామా మరి? ఆ మాట పైకి అనలేదు.

అన్నం సయించటం లేదు. పిల్లలెవరైనా తుమ్మినా, కడుపు పట్టుకున్నా, ఎవరింట్లోనో ఒక బన్ను మిగిలిపోయి తిన్నారేమోనని ప్రాణం ఎగిరిపోతోంది. అన్నీ గుంటలో పడ్డాయి. లవ్‌డే లెక్కపెట్టి మరీ వేయించింది. ఏమీ మిగల్లేదు.

అక్టోబరు 22. బుధవారం

ఒకటి మిగిలింది.

నోస్కే తనే వచ్చాడు. మూడు వారాల్లో మనిషి సగమైపోయాడు. కనుబొమల మీద పిండి లేదు, అందుకేనేమో ముందు ఆయన్ని పోల్చుకోలేదు.

"అమ్మగారూ, పండగ ముందురోజు లవ్‌డేగారు మొదటి బన్ను మాకు పంపించారు. పిండి ఇచ్చినందుకు. ఆదివారం కాఫీలోకి తిందామని ఓటిలీ గుడ్డలో చుట్టి పెట్టింది. ఆ తర్వాత తినబుద్ధి కాలేదు. అలాగే ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ ఆదివారం మీ ప్రార్థన అయ్యాక చాపెల్ గేటు ముందు అందరూ చూస్తుండగా దాన్ని తింటాను. నా పిండిలో ఏమీ లేదని నాకు తెలుసు. నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు. తింటే నమ్మాలి కదా?"

"మూడు వారాల బన్ను. బూజు పట్టి ఉంటుంది. కడుపు పాడవుతుంది, వద్దండీ."

"బూజు లేదు. ఎండి చెక్కలా అయింది. కాఫీలో ముంచుకుంటాను." మూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు. "జర్మనులం కదా, ఏదైనా కాఫీలో ముంచుకుంటాం."

"మీ భార్య ఒప్పుకుందా?"

"ఆమెకి భయంగా ఉంది. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను. మీరు ఆమె పక్కన నిలబడతారా? మీరుంటే ఆమెకి ధైర్యం."

నిలబడతానన్నాను. ఇంకేమనాలి?

అక్టోబరు 23. గురువారం

బన్ను దొంగిలించాలి. ఇదొక్కటే దారి.

పులుసు గిన్నె తీసుకొస్తానన్న వంకతో వాళ్లింటికి వెళ్లాను. బన్ను అలమరలో బైబిలు పక్కన గళ్లగుడ్డలో ఉంది. గుడ్డ మీదికి కూడా పసుపు దిగింది. ఓటిలీ కాఫీ కాస్తానంది. కాయవే, లోపలికి పో అనుకున్నాను. పొయ్యి ఆ గదిలోనే ఉంది. గంటసేపు కూర్చున్నాను. ఆమె ఒక్కసారి కూడా బయటికి పోలేదు. ఒంటరిగా ఉండలేక, నేను వచ్చానన్న సంతోషంతో, నన్ను వదల్లేదు.

ఒంటరిగా దొరికినప్పుడు చెబుతానన్నాను కదా. గంటసేపు ఒంటరిగానే ఉంది. ఆమె చిన్నప్పటి ఊరి గురించి చెబుతుంటే వింటూ కూర్చున్నాను.

అక్టోబరు 24. శుక్రవారం

పాస్కోతో చెప్పాను.

"తిననీ" అన్నాడు. కత్తితో జున్ను కోస్తూ అన్నాడు. "కోడి వేరు, మనిషి వేరు. ఎండిన బన్ను ముక్క తింటే ఏమవుతుంది?"

"ఏమన్నా అయితే?"

"అయితే పిండిదే తప్పని ఊరికి ఇంకోసారి తేలుతుంది."

నేను అతనివైపు చూశాను. పదిహేడేళ్ల కాపురం. నాకు మా ఆయనంటే మొదటిసారి భయమేసింది. అదే క్షణంలో ఇంకోటి కూడా తెలిసింది. ఆ మాట వినగానే నాకు లోపల ఎక్కడో కాస్త ఊరట కలిగింది. అది నిజం. ఈ పుస్తకం ఎవరూ చూడరు కనుక రాస్తున్నాను. ఊరట కలిగింది.

అక్టోబరు 25

రేపే. జ్వరం వస్తే బాగుండు. రాలేదు.

అక్టోబరు 26. ఆదివారం

ప్రార్థన అయ్యేసరికి పదకొండున్నర. ఎండ పేలిపోతోంది. ఎవరూ ఇళ్లకి పోలేదు. నోస్కే మంచి కోటు వేసుకుని గేటు ముందు నిలబడ్డాడు. ఒక చేతిలో గళ్లగుడ్డ, ఇంకో చేతిలో కాఫీ పోసిన తగరపు లోటా. ఓటిలీ నన్ను చూడగానే వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. మాటిచ్చాను కదా.

ఆయన గుడ్డ విప్పాడు. ఇన్నాళ్లయినా రంగు తగ్గలేదు.

"ఇది నా పిండితో చేసింది. లవ్‌డేగారు తన చేత్తో చేసి పంపినది. ఇప్పుడు తింటాను. నాకేమీ కాకపోతే మా పిల్లల్ని మీ బళ్లో మళ్లీ కూర్చోనివ్వండి. నా మరకి గోధుమలు తోలండి. అంతే." ఆయన అందరివైపూ చూశాడు. "తినకూడదని ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

ఎలీ బ్రే బూట్ల వంక చూసుకుంటున్నాడు. పాస్కో నా వెనక ఎక్కడో ఉన్నాడు. ఇప్పుడు చెబుతాను అనుకున్నాను. బన్ను తుంచాడు. ఇప్పుడు. కాఫీలో ముంచాడు. ఇప్పుడు చెబుతాను. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, నెమ్మదిగా, నోట్లో పళ్లు తక్కువ మనిషిలా. మింగాడు. మెడలో గుటక కిందికి దిగడం చూశాను.

రెండో ముక్క తుంచాడు. అప్పుడు అరిచాను.

"తినకండి! పిండి కాదు, రంగు! నేనమ్మిన రంగు! ఎలీ పెయింటు! నేనే కలిపాను!"

ఇంకా ఏమేమన్నానో తెలియదు. లోటా కింద పడగొట్టానట. ఓటిలీ నా చేతిని వదల్లేదు. తనకి అర్థమవడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్కో వేలూ విప్పి నా చెయ్యి వదిలేసింది. లాక్కోలేదు, ఒక్కో వేలూ విప్పింది.

డాక్టరు ఆవాలు కలిపిన నీళ్లు తాగించి కక్కించాడు. బతుకుతాడట. నెలరోజులు కడుపు మండుతుందట.

అక్టోబరు 28. మంగళవారం

కానిస్టేబులు వచ్చి అడిగిందంతా రాసుకుపోయాడు. మేజిస్ట్రేటు వచ్చే నెల వస్తాడు. కొట్టుకి ఎవరూ రాలేదు. పాస్కో నాతో మాట్లాడటం లేదు. పాస్టరుగారి భార్య వచ్చి, ఎట్టకేలకు చెప్పినందుకు దేవుడు మెచ్చుకుంటాడు అంది. సమయానికి అరిచి ఒక ప్రాణం కాపాడావు అంది.

సమయానికి.

అక్టోబరు 31

ఎవరూ రాలేదు.

నవంబరు 3. సోమవారం

నోస్కే వచ్చాడు. కర్ర పట్టుకుని. కొట్లోకి రాలేదు, వీధిలోనే నిలబడ్డాడు.

"బయటికి రండి" అన్నాడు. అమ్మగారూ అనలేదు.

వెళ్లాను.

"ఆదివారం గేటు దగ్గర ఊరంతా లేరు. గనిలో ఆ పూట పని చేసేవాళ్లు లేరు. పొలాలవాళ్లు లేరు. ఇంకా సగం మంది ఆ పిండిలోనే ఏదో ఉందనుకుంటున్నారు. కోతలు పదిరోజుల్లో." దమ్ము తీసుకున్నాడు. "మా పిండి కొనేవాళ్లవి నలభై మూడు ఇళ్లు. మీరు ప్రతి ఇంటికీ వచ్చి చెప్పాలి. నేను గేటు దగ్గర నిలబడతాను."

పాస్కో గుమ్మంలోంచి "వెళ్లావంటే మళ్లీ ఈ గడప తొక్కకు" అన్నాడు. వెళ్లాను. ధైర్యంతో కాదు. ఆ మనిషి ఎండలో కర్ర మీద వాలి నిలబడి ఉంటే కాదనడానికి భయమేసి వెళ్లాను.

మొదటి ఇల్లు లవ్‌డేదే. తలుపు కొట్టాను. తీసింది. చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడింది.

చెప్పాను. కుంకుమపువ్వు రాలేదని, చీటీలు ఊడిన డబ్బాల్లోంచి చూడకుండా తీసి కలిపానని, పైన రేకులు పెట్టి అసలుదని అమ్మానని. కోళ్లు చచ్చినప్పుడు తెలిసే పిండి అన్నానని. మూడు వారాలు ఊరుకున్నానని. ఆదివారం అరిచానని. అంతా అయిందనుకుని ఆగాను.

వెనక గేటు దగ్గర్నుంచి ఆయన అన్నాడు. "ఇంకా ఉంది."

తిరిగి చూశాను. ఆయన నావైపే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది. ఆ ఆదివారం కూడా, బన్ను నములుతూ, అందరివైపూ చూడలేదు. తన భార్య పక్కన నిలబడిన నావైపే చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, మింగేముందే చూశాడు. చూసీ మింగాడు.

"ఆయన మింగేదాకా ఆగాను లవ్‌డే" అన్నాను. "ముందే అరవచ్చు. తినకూడదని ఎవరికైనా తెలిస్తే చెప్పమని అడిగాడు కూడా. మింగాక అరిచాను."

లవ్‌డే తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను. ఆమె నన్ను దాటుకుని మెట్లు దిగి గేటు దాకా వెళ్లింది. ఆయన మొహంలోకి చూసి, ఏప్రన్ కొసతో కళ్లు తుడుచుకుంది. ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేసింది. పాలు వెచ్చబెట్టమని పెద్దకూతురికి చెప్పడం వినిపించింది. తలుపు మూసుకుంది.

ఆయన పాలు తాగి వచ్చేదాకా మెట్టు మీద నిలబడ్డాను. వచ్చి, నావైపు చూడకుండానే, పక్కింటి వైపు కర్రతో చూపించాడు.

ఇంకా నలభై రెండు ఇళ్లున్నాయి. ప్రతి ఇంటి దగ్గరా అది కూడా చెప్పాలి.